సంతకం ఎవరిది... జవాబు ఎవరిది?

వైద్య నిర్లక్ష్యంపై చట్టాలున్నాయి, తీర్పులున్నాయి... అడవి అంచు రోగి చేతిలో మాత్రం కాగితం లేదు

వైరా: భద్రాచలం, కొత్తగూడెం వైపు నుంచి ఖమ్మం వెళ్లే బస్సు జూలూరుపాడు, ఏన్కూరు, తల్లాడ దాటి వైరాలో ఆగుతుంది. దిగేవారిలో జ్వరంతో వణుకుతున్న బిడ్డను భుజాన వేసుకున్న తండ్రి ఉంటాడు. నెలలు నిండిన కోడలిని నడిపించుకొచ్చే అత్త ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు సెలైన్లు ఎక్కించి 'ఇక నా వల్ల కాదు, పట్నం తీసుకెళ్లండి' అన్న తరువాతే వీరిలో చాలామంది బస్సెక్కుతారు. కొందరు ఇక్కడి ఆసుపత్రుల్లో చేరతారు. మరికొందరు ఖమ్మం వెళతారు. ఎక్కువమంది నయమై ఇంటికి చేరుతున్నారు. వైద్యులపై జనానికి ఇంకా నమ్మకం మిగిలి ఉండటానికి కారణం అదే.

చికిత్స వికటించినప్పుడు మాత్రం కథ మారిపోతోంది. ఆసుపత్రి ముందు బంధువులు బైఠాయిస్తారు. పోలీసులు వస్తారు. పెద్దమనుషులు మధ్యలో కూర్చుంటారు. సాయంత్రానికి ఎంతో కొంత మొత్తానికి రాజీ కుదిరి మృతదేహం ఊరికి బయలుదేరుతుంది. తప్పు నిజంగా జరిగిందా, జరిగితే ఎవరిది, మరొకరికి అలా జరగకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. తప్పు చేయని వైద్యుడు అవమానం పాలవుతాడు. తప్పు చేసినవాడు డబ్బుతో బయటపడతాడు. నిజం ఎవరికీ తెలియదు.

దేశంలో రోగికి హక్కులు లేక కాదు. వైద్య నిర్లక్ష్యంపై మూడు దశాబ్దాలుగా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు ఒక గ్రంథమంత ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన రెండు హైదరాబాద్ ఆసుపత్రుల నుంచే పుట్టాయి. అయితే ఆ హక్కులన్నీ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. రోగి తెలిసి చేసిన సంతకం, ఆసుపత్రి రాసిన కేస్ షీటు, కట్టిన డబ్బుకు రసీదు... ఈ మూడూ ఉన్నవాడికే న్యాయస్థానం తలుపు తెరుచుకుంటోంది. అవి ఎన్నడూ చేతికందని వారు ఉండేది ఈ అడవి అంచునే.

ఖమ్మం జిల్లా మరిచిపోయిన పాఠం

వైద్య జవాబుదారీతనం గురించి చర్చ వస్తే పార్లమెంటు దాకా వెళ్లిన ఉదంతం మన జిల్లాదే. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు అందులో ఉన్నాయి. వీటిలో మొదటి రెండూ 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లాయి. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేపట్టిన ఈ ప్రాజెక్టుకు గేట్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. సుమారు 14 వేల మంది బాలికలకు టీకా అందింది. వారిలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్నవారే.

కొందరు బాలికల మరణాలు వెలుగులోకి రావడం, మహిళా, ప్రజారోగ్య సంఘాలు భద్రాచలం వచ్చి వివరాలు సేకరించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసింది. ఇదే టీకా కార్యక్రమం సాగిన గుజరాత్‌తో కలిపి ఏడు మరణాలు నమోదయ్యాయి. కేంద్రం నియమించిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని 2011లో తేల్చింది. ఈ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. ఎన్నో దేశాలు వాడుతున్నాయి. కాబట్టి ఇక్కడి ప్రశ్న టీకా మంచిదా కాదా అన్నది కాదు.

అసలు ప్రశ్నను పార్లమెంటరీ స్థాయీ సంఘం లేవనెత్తింది. 2013 ఆగస్టు 30న సమర్పించిన 72వ నివేదికలో ఆ సంఘం సమ్మతి పత్రాల లెక్క చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, వసతి గృహాల వార్డెన్లు. కన్నవారు బతికుండగానే, కబురు పెడితే వచ్చేంత దూరంలో ఉండగానే, బిడ్డ ఒంట్లోకి వెళ్లే మందుకు మరొకరు ఒప్పుకొన్నారు. దుష్పరిణామాలు తలెత్తితే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదనీ, బాలికలకు బీమా రక్షణ లేదనీ కూడా సంఘం ఆక్షేపించింది. తమ కార్యక్రమం నిబంధనల మేరకే సాగిందని, నివేదికలోని ఆరోపణలు సరికావని పాత్ సంస్థ వాదించింది.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పార్లమెంటరీ సంఘాల నివేదికలను న్యాయస్థానాలు పరిశీలించవచ్చునని 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. న్యాయశాస్త్రానికి అది ముఖ్యమైన తీర్పే. కానీ గూడెంలోని తల్లి అడిగిన ప్రశ్న అది కాదు. 'నా బిడ్డకు సూది వేసే ముందు నన్నెందుకు అడగలేదు?' అన్నదే ఆమె ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో నేటికీ ఆమెకు తెలియదు. వార్డెన్ సంతకం చేశారు. వార్డెన్‌కు పైవారు చెప్పారు. పైవారికి ప్రాజెక్టు వారు చెప్పారు. చేతులు ఎక్కువైన చోట బాధ్యత ఎవరి చేతిలోనూ మిగలలేదు.

సమ్మతి అంటే వేలిముద్ర కాదు

ఆ టీకా కార్యక్రమానికి ఏడాది ముందే సమ్మతికి అర్థమేమిటో సుప్రీంకోర్టు విడమరచి చెప్పి ఉండటం గమనార్హం. ఢిల్లీకి చెందిన ఒక మహిళ వ్యాధి నిర్ధారణ కోసం లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకొన్నారు. ఆమె మత్తులో ఉండగా వైద్యురాలు బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తొలగించారు. సమీరా కోహ్లీ కేసుగా పేరొందిన ఈ వ్యవహారంలో 2008 జనవరిలో తీర్పు వచ్చింది. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహలోకి వచ్చాక నిర్ణయం చెప్పగల వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని న్యాయస్థానం తేల్చింది. చికిత్స ఏమిటి, దానివల్ల మేలు ఎంత, ముప్పు ఎంత, వేరే మార్గం ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది... ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పాకే సమ్మతి తీసుకోవాలని వివరించింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి శస్త్రచికిత్సకు వర్తించదని కూడా చెప్పింది.

2009 మే 14న వెలువడిన హైదరాబాద్ నిమ్స్ కేసు తీర్పులోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. ఛాతీలో కణితి ఉన్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి 1990లో నిమ్స్‌లో చేరాడు. పరీక్ష కోసం కణితిలో ముక్క తీయడానికి మాత్రమే అనుమతి తీసుకున్న వైద్యులు కణితినే తొలగించారు. వెన్నుపాముకు దగ్గరగా ఉన్న ఆ కణితి విషయంలో నాడీ శస్త్రచికిత్స నిపుణుడిని ముందుగా సంప్రదించలేదు. ఆ కుర్రవాడి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ రూ.15.5 లక్షల పరిహారం ఇవ్వాలంటే, సుప్రీంకోర్టు దానిని కోటి రూపాయలకు పెంచింది. శస్త్రచికిత్సకూ తుది తీర్పుకూ మధ్య దాదాపు 19 ఏళ్లు గడిచాయి. చక్రాల కుర్చీలో కూర్చుని తన వాదన తానే వినిపించుకున్న ఆ బాధితుడి పట్టుదల సామాన్యమైనది కాదు.

మన ఆసుపత్రుల్లో జరుగుతున్నదేమిటి? శస్త్రచికిత్సకు ముందు ఆంగ్లంలో అచ్చయిన కాగితం తెచ్చి 'ఇక్కడ ముద్ర వేయండి' అంటారు. ఇంట్లో కోయ మాట్లాడే మనిషికి, లంబాడీ మాట్లాడే మనిషికి ఆ కాగితంలో ఏముందో చెప్పేవారుండరు. ఆ వేలిముద్ర రోగికి రక్షణ కావడం లేదు. రేపు కేసు వస్తే ఆసుపత్రికి పనికొచ్చే ముద్రగా మారుతోంది.

జ్వరం కేసు చెప్పిన సంగతి

ఏజెన్సీ అంచున ఉన్నవారికి మలేరియా, టైఫాయిడ్ కొత్త కాదు. ఏ జ్వరమో తేలకముందే ఏదో ఒక మందు మొదలుపెట్టడమూ కొత్త కాదు. కాబట్టి 2010 మార్చి 8న వెలువడిన కిషన్‌రావు కేసు తీర్పు ప్రతి ఇంటా తెలియాల్సినది. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. 2002 జులైలో జ్వరంతో ఉన్న భార్యను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్ చికిత్స చేశారు. నాలుగు రోజులైనా తగ్గకపోగా పరిస్థితి విషమించడంతో మరో ఆసుపత్రికి తరలించారు. అక్కడ ఆమె మరణించారు. రెండో ఆసుపత్రి ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రంలో మలేరియా ప్రస్తావన ఉంది. తాను మలేరియాకు చికిత్స చేయలేదని మొదటి ఆసుపత్రి తరఫున సాక్ష్యం చెప్పిన వైద్యుడే అంగీకరించారు.

జిల్లా ఫోరం రూ.2 లక్షల పరిహారం, కట్టిన రూ.10 వేలు తిరిగి ఇప్పించింది. నిపుణుడైన వైద్యుని సాక్ష్యం లేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ ఆ తీర్పును కొట్టివేసింది. జాతీయ కమిషన్ కూడా అదే మాట అంది. సుప్రీంకోర్టు మాత్రం జిల్లా ఫోరం తీర్పునే పునరుద్ధరించింది. ప్రతి కేసులోనూ నిపుణుని అభిప్రాయం అక్కర్లేదని, తప్పు కళ్లకు కట్టినట్లు కనిపిస్తున్నప్పుడు జరిగిందే సాక్ష్యమవుతుందని చెప్పింది. ఒక వైద్యునికి వ్యతిరేకంగా మరో వైద్యుడు కాగితం రాసివ్వడం అరుదైన మన చిన్న పట్టణాల్లో ఈ తీర్పు విలువ ఇంతా అంతా కాదు.

ఇక్కడే మరో సంగతి కూడా ఆలోచింపజేస్తుంది. కిషన్‌రావు మలేరియా విభాగం ఉద్యోగి కాబట్టి చికిత్స ఎక్కడ దారి తప్పిందో పసిగట్టగలిగారు. నిమ్స్ బాధితుడు చదువుకున్న ఇంజనీరు. దేశంలోనే అత్యధిక పరిహారంగా 2013లో సుమారు రూ.6 కోట్లు, దానిపై వడ్డీ మంజూరైన కోల్‌కతా కేసులో పోరాడిన భర్త అమెరికాలో స్థిరపడిన వైద్యుడు. ఆయన భార్య 1998లో మరణిస్తే తుది తీర్పుకు 15 ఏళ్లు పట్టింది. గెలిచిన ఈ ముగ్గురికీ చదువుంది, ఓపికుంది, కాగితం చదివే శక్తి ఉంది. మరి కేస్ షీటు అన్న మాటే వినని కోయ రైతు సంగతేమిటి?

ఉచితమైతే హక్కు ఉండదా?

వైద్యసేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ప్రకటించింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి.శాంత మధ్య నడిచిన ఆ కేసు తీర్పే నేటికీ పునాది. కొత్త వినియోగదారుల చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చాక వైద్యులను మినహాయించాలన్న వాదన మళ్లీ వినిపించినా న్యాయస్థానం అంగీకరించలేదు. 1995 నాటి తీర్పును పునఃపరిశీలించాల్సిన పనిలేదని 2024 నవంబరులోనూ త్రిసభ్య ధర్మాసనం చెప్పింది.

అయితే ఆ తీర్పులోనే పేదవానికి ఒక చిక్కు ఉంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రికి ఆ చట్టం వర్తించదు. డబ్బు తీసుకోలేదు కాబట్టి అక్కడి రోగి వినియోగదారుడు కాడు. కొందరి దగ్గర రుసుము తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రుల్లో మాత్రం ఉచిత రోగికీ అదే హక్కు ఉంటుంది. ఈ సూత్రం ప్రకారం చూస్తే, ఆరోగ్యశ్రీ కార్డుతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన రోగి జేబు నుంచి పైసా తీయకపోయినా హక్కు కోల్పోడు. అతని తరఫున ప్రభుత్వం చెల్లిస్తోంది. ఈ ఒక్క ముక్క తెలియక 'కార్డు మీద చేశారు, ఏమంటాం' అని మౌనంగా వెనుదిరిగేవారు ఎందరో.

ప్రభుత్వాసుపత్రి రోగికి సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్, మానవ హక్కుల కమిషన్ వంటి దారులున్నాయి. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కును హరించడమేనని 1996లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన కేసులో సుప్రీంకోర్టు తేల్చి, ప్రభుత్వం చేత పరిహారం ఇప్పించింది. కానీ ఈ దారులు దూరాభారం. ఆచరణలో ప్రభుత్వాసుపత్రి బాధితునికి దక్కేది సర్కారు దయ మాత్రమే. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. తరువాతి రోజుల్లో నలుగురు మరణించారు. ప్రభుత్వం విచారణ జరిపించింది, ఒక్కో కుటుంబానికి రూ.5 లక్షల సాయం, ఇల్లు ప్రకటించింది. ఆ సాయం తప్పుకాదు. కానీ పత్రికల్లో గగ్గోలు పుట్టింది కాబట్టి అది అందింది. ఎవరూ చూడని చోట ఒక్క తల్లి మరణిస్తే ఆ ఇంటికి ఏ లెక్కన, ఏ గడువులో, ఎవరు చెల్లించాలన్న నియమం ఉండాలి కదా!

కాగితమే లేని వైద్యం

రోగి మొదట కలిసే మనిషి సంగతి మరింత జటిలం. గూడెంలో అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆర్‌ఎంపీ ఒక్కడే. అప్పు పెట్టేదీ అతనే. చాలామందికి ఏ వైద్య మండలిలోనూ నమోదు ఉండదు. రోగం పేరు రాసి ఇవ్వరు, ఇచ్చిన ఇంజెక్షన్ పేరు చెప్పరు. తన అర్హతకు చెందని విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జ్వరానికి అల్లోపతి మందులిచ్చిన హోమియో వైద్యుడి కేసు అది. నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా విధించే వీలు జాతీయ వైద్య కమిషన్ చట్టంలో ఉంది.

దాడులు చేసి నాలుగు క్లినిక్‌లు మూయించడం తేలికే. మూసిన మర్నాడు ఆ గూడెంలో జ్వరం వచ్చినవాడు ఎక్కడికి వెళ్లాలన్నదే ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్‌ఎంపీలకు కొంత శిక్షణ ఇచ్చి ప్రథమ చికిత్సకు పరిమితం చేసే ప్రయత్నం మొదలై మధ్యలోనే ఆగిపోయింది. ఇటు అనుమతీ లేదు, అటు ప్రత్యామ్నాయమూ లేదు. పైగా రోగిని ఏ ఆసుపత్రికి పంపాలో నిర్ణయించేది కమీషన్ అన్న ఆరోపణ ఉండనే ఉంది. రోగిని పంపినందుకు సొమ్ము ఇవ్వడం, పుచ్చుకోవడం వైద్య ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం నేరమైన ప్రవర్తనే. రోగి వైపు నుంచి చూస్తే కమీషన్ లెక్కకు కాగితం ఉంటుంది, తన చికిత్సకు మాత్రం ఉండదు.

వైద్యుని భయమూ నిజమే

నాణేనికి రెండో వైపూ ఉంది. ప్రాణం పోయిన ప్రతిచోటా తప్పు జరిగినట్లు కాదు. వైద్యుడు ప్రయత్నిస్తానని మాట ఇస్తాడు, ఫలితానికి హామీ ఇవ్వలేడు. ఆ రంగంలోని బాధ్యతగల వైద్యులు అంగీకరించే పద్ధతిలో చికిత్స చేసినవాడు నిర్లక్ష్యం చేసినట్లు కాదని 1957లో ఇంగ్లండ్‌లో వచ్చిన బోలమ్ తీర్పు చెప్పింది. మన న్యాయస్థానాలూ దాదాపు దానినే కొలమానంగా తీసుకున్నాయి. 2005 ఆగస్టు 5న జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు మరో గీత గీసింది. పరిహారానికి మామూలు నిర్లక్ష్యం చాలు, జైలుకు పంపాలంటే ఘోర నిర్లక్ష్యం ఉండాలి. మరో వైద్యుని, వీలైతే ప్రభుత్వ వైద్యుని, నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోకుండా పోలీసులు ముందుకు వెళ్లరాదు. ఫిర్యాదు వచ్చిందన్న ఒక్క కారణంతో అరెస్టు చేయరాదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా తేడా పాటించింది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే సాధారణ శిక్ష ఐదేళ్ల వరకు ఉండగా, చికిత్స చేస్తున్న నమోదిత వైద్యుని విషయంలో దాన్ని రెండేళ్ల వరకే పరిమితం చేసింది. ఆసుపత్రులపై, వైద్యులపై దాడులను నేరంగా పరిగణించే ప్రత్యేక చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది. అద్దాలు పగిలితే రోగికి న్యాయం జరగదు. భయపడ్డ వైద్యుడు కష్టమైన కేసును ముట్టుకోడు, ఖమ్మానికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పంపేస్తాడు. దారిలో గడిచే గంటలకు మూల్యం చెల్లించేది అడవి అంచు రోగే. నిజాయితీగా పనిచేసే వైద్యుని కాపాడేది కూడా చివరకు వేళకు, వివరంగా రాసిన కేస్ షీటే.

మండలి తలుపు సగమే తెరిచి ఉంది

వృత్తి ప్రవర్తనపై ఫిర్యాదు తెలంగాణ వైద్య మండలికి చేయవచ్చు. హెచ్చరిక నుంచి కొంతకాలం నమోదు తొలగింపు దాకా చర్య తీసుకునే అధికారం దానికుంది. మండలి నిర్ణయం నచ్చకపోతే పైకి అప్పీలు చేసుకునే వీలు జాతీయ వైద్య కమిషన్ చట్టంలో వైద్యునికి స్పష్టంగా ఉంది. ఫిర్యాదు చేసిన రోగికి ఆ మాట చట్టంలో లేదు. ఓడిన వైద్యునికి రెండో అవకాశం, ఓడిన రోగికి నిరాశ... ఇది సమతూకం కాదు. 2023 ఆగస్టులో వెలువడిన కొత్త నియమావళిని అదే నెలలో నిలిపివేయడంతో 2002 నాటి నియమావళే మళ్లీ అమల్లోకి వచ్చింది. దానిలో రోగికి ఎంతో ఉపయోగపడే నిబంధన ఒకటుంది. రోగి గానీ, అతను అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి.

బాధితులు గుర్తుంచుకోవాల్సినవి

* చికిత్సకు సంబంధించిన చీటీలు, పరీక్షల ఫలితాలు, స్కానింగ్ ఫిల్ములు, మందుల బిల్లులు, డిశ్చార్జి పత్రం ఒకే సంచిలో దాచుకోవాలి. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి.

* కేస్ షీటు నకలు కోసం రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి.

* అనుమానాస్పద మరణమైతే రాజీకి ముందే పోస్టుమార్టం కోరాలి. అంత్యక్రియలు పూర్తయ్యాక చాలా నిజాలు తిరిగిరావు.

* వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, బాధితుడు నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలు కొత్త చట్టం కల్పించింది. చికిత్సకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటకపోతే ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాది లేకుండానూ వాదించుకోవచ్చు.

* మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది.

ఇక చేయాల్సింది ప్రభుత్వమే

రోగిని మేల్కొలిపితే సరిపోదు. సమ్మతి పత్రాలు తెలుగులో ఉండాలి. కోయ, లంబాడీ మాట్లాడేవారికి వారి భాషలో చదివి వినిపించి, వినిపించినవారి పేరు కూడా అందులో రాయాలి. వసతి గృహాల్లోని పిల్లలకు అత్యవసర చికిత్స తప్ప మరే వైద్య కార్యక్రమమైనా కన్నవారి అనుమతి తరువాతే సాగాలి. వార్డెన్ సంతకం ఆ స్థానాన్ని తీసుకోరాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు అభిప్రాయం చెప్పేందుకు ఇతర జిల్లాల నిపుణులతో ఒక సంఘం ఉంటే, పక్కవీధి వైద్యునిపై రాయాల్సిన ఇబ్బంది ఎవరికీ ఉండదు. ప్రభుత్వాసుపత్రిలో జరిగిన తప్పుకు నిర్ణీత గడువులో పరిహారం చెల్లించే పథకం కావాలి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు బీమా తరహాలో అలాంటి ఏర్పాటు 2005 నుంచే ఉంది కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. వైరా నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి గిరిజనులకు రిజర్వైన స్థానం. శాసనసభలో ఈ మాట వినిపించాల్సిన బాధ్యత ఇక్కడి ప్రతినిధులపై మరింత ఉంది.

వైద్యుడిని దేవుడనడం మన అలవాటు. దేవుడిని ఎవరూ రసీదు అడగరు, లెక్కా అడగరు. ఆ అలవాటు వైద్యునికీ మేలు చేయలేదు, రోగికీ మేలు చేయలేదు. నమ్మకం పోయిన రోజున అదే జనం రాళ్లు పట్టుకున్నారు. వైద్యుడు మనిషే, తెలిసినంతలో శ్రద్ధగా చేసి, చేసిందేమిటో రాసి, రాసింది రోగి చేతికిస్తే చాలు. 2009లో ఈ జిల్లా పిల్లల సమ్మతి పత్రాలపై సంతకం చేసినవారు ఒకరు, సూది పొడిపించుకున్నవారు మరొకరు. మరోసారి అలా జరగకూడదంటే ఏన్కూరు బస్సు దిగి ఆసుపత్రి మెట్లెక్కే మనిషి కలం పట్టుకునే ముందు 'ఇందులో ఏం రాశారో చదివి వినిపించండి' అని అడగగలగాలి. అవతలివారు విసుక్కోకుండా చదివి వినిపించాలి.